కాన్పు తర్వాత యోని దగ్గర మొద్దుబారింది, స్పర్శ తెలియడం లేదు: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు పరిగెత్తాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 29. నాలుగు నెలల కిందట తొలి కాన్పు. నార్మల్ డెలివరీయే కానీ చివర్లో వాక్యూమ్ పెట్టి బిడ్డను తీశారు, కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి యోని దగ్గర, ముఖ్యంగా ఎడమ వైపు, మొద్దుబారినట్టు ఉంది. ఈ మధ్య భర్తతో కలిసినప్పుడు ఏమీ తెలియలేదు. నెల రోజులుగా నడుం నొప్పి కూడా తోడైంది. మూత్రం, మోషన్ మామూలుగానే ఉన్నాయి. బిడ్డకు పాలిస్తున్నారు. ఇది నరాల జబ్బా, దానంతట అదే పోతుందా, ఈ విషయం డాక్టరుకు ఎలా చెప్పాలి అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి, కాన్పులో ఆ ప్రాంతపు నరం సాగడం వల్ల వచ్చిన మొద్దుబారడమే అయ్యే అవకాశం ఎక్కువ. పాలిచ్చే రోజుల్లో వచ్చే పొడిబారడం దానికి తోడై ఉంటుంది. ఈ రకం చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కానీ నడుం నొప్పి కొత్తగా మొదలైంది అన్నారు కాబట్టి ఊరికే ఎదురుచూడమని చెప్పను. ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించుకోండి.

కింద రాసినవాటిలో ఒక్కటి కొత్తగా కనిపించినా ఈ వారం దాకా కూడా ఆగొద్దు. అదే రోజు, అర్ధరాత్రైనా సరే, ఎమ్మారై ఉన్న పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

- మూత్రం నిండినట్టు గానీ వస్తున్నట్టు గానీ తెలియకపోవడం, ఎంతసేపు కూర్చున్నా రాకపోవడం, తెలియకుండానే బట్టల్లో పడిపోవడం
- మోషన్ గానీ గ్యాస్ గానీ ఆపుకోలేకపోవడం, కడుక్కునేటప్పుడు మలద్వారం దగ్గర చెయ్యి తగులుతున్నట్టు తెలియకపోవడం
- సైకిల్ సీటుకు తగిలే భాగమంతా, అంటే యోని, మలద్వారం, పిరుదుల మధ్య, తొడల లోపలి వైపు కలిపి మొద్దుబారడం
- నడుం నుంచి రెండు కాళ్లలోకీ నొప్పి దిగడం, కాళ్లలో పట్టు తగ్గడం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం
- కింద పడ్డాక, యాక్సిడెంట్ తర్వాత, లేదా వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక మొదలైన మొద్దుబారడం తగ్గకుండా పెరగడం

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వెన్నుపాము నడుం పైభాగంలోనే, మొదటి, రెండో నడుం పూసల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు ఒక కట్టలాగా దిగుతాయి. ఆ కట్టలో త్రికాస్థి (నడుం కింద, పిరుదుల మధ్య ఉండే ఎముక) నుంచి బయటికొచ్చే రెండు, మూడు, నాలుగో నరాలు మూడు పనులు చేస్తాయి. యోని, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియజేస్తాయి, మూత్రాశయాన్ని నడిపిస్తాయి, మోషన్‌ను అదుపులో ఉంచుతాయి. నడుం డిస్క్ ఒక్కసారిగా జారి ఆ కట్టను నొక్కితే మూడూ కలిసి దెబ్బతింటాయి. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అరుదైనదే. కానీ ఇందులో ప్రతి గంటకూ విలువుంటుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు, వీలైతే ఇంకా ముందే, ఆపరేషన్ చేసి నొక్కుడు తీసేస్తే కోలుకునే అవకాశం బాగుంటుంది. మూత్రం పూర్తిగా బిగిసిపోయాక చేస్తే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. కొందరికి తర్వాత కూడా గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాల్సిన పరిస్థితి మిగిలిపోతుంది.

మాది కోస్తాలో ఒక మామూలు పట్టణం. నా ప్రాక్టీసంతా ఇక్కడే. ఈ సమస్యతో నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. "తెల్లబట్ట అవుతోంది" అనో "నడుం లాగుతోంది" అనో మొదలుపెడతారు. చీటీ రాసిచ్చాక తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "ఇంకో మాట మేడమ్" అంటారు. అసలు జబ్బు చాలాసార్లు ఆ ఇంకో మాటలోనే ఉంటుంది.

ఒకావిడ సంగతి చెప్తాను. నలభైకి దగ్గర పడిన మనిషి, మిరప కోతలకు వెళ్లేది. యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఊళ్లో యాంటీబయాటిక్ కోర్సు వాడి, తగ్గక నా దగ్గరికి వచ్చింది. మంట లేదు, జ్వరం లేదు. మూత్రం మాత్రం చుక్కలు చుక్కలుగా వస్తోంది. పొట్ట కింద చెయ్యి వేస్తే మూత్రాశయం గట్టిగా నిండి ఉంది. మంట లేకుండా మూత్రం బిగిసిందంటే ఇన్ఫెక్షన్ కన్నా ముందు నరాల గురించి ఆలోచించాలి. "కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినట్టు తెలుస్తోందామ్మా?" అని అడిగాను. కాసేపు నేల చూపులు చూసి, "నా ఒళ్లు కాదేమో అన్నట్టుంది మేడమ్, మూడు రోజులైంది" అంది. బరువు ఎత్తినప్పుడు నడుం పట్టేసిందట, దానికి అమృతాంజనం రాసుకుందట. ఆ రాత్రే ఎమ్మారై తీయించాం. నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ పెద్దగా జారి ఉంది. మర్నాటికల్లా ఆపరేషన్ అయింది. కొన్ని వారాలకు మూత్రం దారిలో పడింది, స్పర్శ మాత్రం ఒక పక్క పూర్తిగా రాలేదు. ఆ మూడు రోజుల్లో ఆవిడను అడగాల్సిన ప్రశ్న ఒక్కరూ అడగలేదు, ఆవిడకూ చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా అదే. మొద్దుబారడం ఒక్కటే ఉండి, అది పైన చెప్పినట్టు సైకిల్ సీటు భాగమంతా లేకపోతే తొందర లేదు. దానితో పాటు మూత్రం, మోషన్, కాళ్లు, నడుం, వీటిలో ఏం మారిందన్నదే తొందరను నిర్ణయిస్తుంది.

బాలింతల్లో ఇది దొరకకుండా పోవడానికి ఇంకో కారణం మన ఇళ్లలోనే ఉంది. బాలింతకు మంచినీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని పథ్యం పెడతారు. మూత్రం తక్కువ అవుతుంటే "నీళ్లు తాగట్లేదుగా, అంతే వస్తుంది" అనుకుంటారు. పాలిచ్చే తల్లి నీళ్లు తాగాలి. దాహానికి తగ్గట్టు తాగుతున్నా రోజంతా మూత్రం సరిగ్గా రాకపోతే అది పథ్యం వల్ల కాదు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం.

మీరు రాసినవాటిలో నాకు ధైర్యమిచ్చేవి మూడు ఉన్నాయి. మొద్దుబారడం కాన్పు రోజు నుంచే ఉంది, నెల రోజుల నుంచి కొత్తగా మొదలైంది కాదు. ఎక్కువగా ఒక వైపే ఉంది. మూత్రం, మోషన్ మామూలుగానే ఉన్నాయని మీరే రాశారు. ఒక వైపే ఉంది కాబట్టి వెన్నుపూస సమస్య కానే కాదని మాత్రం అనుకోవద్దు. డిస్క్ నొక్కుడు ఒక్కోసారి ఒక వైపు నుంచే మొదలవుతుంది. అందుకే నడుం నొప్పి సంగతి విడిగా చూపించుకోమంటున్నాను.

యోని బయటి పెదవులు, యోనిద్వారం, క్లిటోరిస్, మలద్వారం చుట్టూ ఉన్న చర్మం, వీటన్నిటికీ స్పర్శ ప్రధానంగా ప్యుడెండల్ అనే నరం నుంచి వస్తుంది. రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. కటి ఎముక లోపల ఒక ముల్లు లాంటి మొనను చుట్టుకుని, ఇరుకైన సొరంగం గుండా ముందుకు వస్తుంది. బిడ్డ తల దిగేటప్పుడు సరిగ్గా అక్కడే సాగుతుంది. తల చాలాసేపు కింద నిలిచిపోయినా, వాక్యూమ్ గానీ ఫోర్సెప్స్ గానీ పెట్టాల్సి వచ్చినా, బిడ్డ బరువు ఎక్కువైనా, చిరుగు మలద్వారపు కండరం దాకా వెళ్లినా నరం మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. కుట్లు వేసిన చోట చర్మంలోని సన్నని నరాలు తెగడం వల్ల ఆ గీత పొడుగునా వచ్చే మొద్దుబారడం వేరే. అది చిన్న మేరకే ఉంటుంది.

సాగిన నరం కోలుకుంటుంది, కానీ నెమ్మదిగా. లోపలి తీగ తెగి మళ్లీ పెరగాల్సి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అందుకే నాలుగు నెలలకు పూర్తిగా రాలేదంటే ఇక రాదని కాదు. మీరు గమనించాల్సింది అది ఏ దిశలో వెళ్తోందన్నది. మొదటి నెలతో పోలిస్తే ఇప్పుడు కాస్తయినా మెరుగ్గా ఉందా? మధ్యమధ్య చీమలు పాకినట్టు, చిన్న షాక్ కొట్టినట్టు అనిపిస్తోందా? అది విసుగ్గా ఉంటుంది కానీ చాలాసార్లు నరం మేలుకుంటున్న సూచన. మొద్దుబారిన మేర పెరుగుతోందా, రెండో వైపుకు పాకుతోందా? అప్పుడు ఆగకూడదు. ఆరు నెలలు దాటినా ఏ మార్పూ లేకపోతే, లేదా కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే మంట నొప్పి తోడైతే, నరాల డాక్టరు దాకా వెళ్లాల్సిందే.

సిజేరియన్ అయినవాళ్లు కొందరు ఇది చదువుతూ ఉంటారు. మీకు కోత పైన, జఘనం మీద వెంట్రుకలుండే చోట, యోని బయటి పెదవుల పై అంచున మొద్దుబారితే అది కోతలో తెగిన చర్మపు నరాల వల్ల. ఏడాది దాకా ఉండొచ్చు, కొందరికి ఒక చిన్న పట్టీ మేర అలాగే ఉండిపోతుంది, దానివల్ల ప్రమాదం లేదు. వెన్నులో ఇచ్చిన మత్తు మామూలుగా కొన్ని గంటల్లో దిగిపోతుంది. దిగాక మళ్లీ కాళ్లు మొద్దుబారడం, నడుంలో విపరీతమైన నొప్పి రావడం జరిగితే వార్డులో ఉన్న నర్సుకు వెంటనే చెప్పాలి, పొద్దున రౌండ్స్ దాకా ఆగకూడదు. తొడ బయటి వైపు మాత్రమే తిమ్మిరి ఉంటే అది వేరే నరం. కాన్పు బల్ల మీద కాళ్లు ఎక్కువసేపు మడిచి ఉంచడం వల్ల వస్తుంది, అదీ తగ్గుతుంది.

భర్తతో కలిసినప్పుడు ఏమీ తెలియలేదన్న దానికి నరం ఒక్కటే కారణం కాకపోవచ్చు. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బాగా తగ్గి ఉంటుంది. యోని లోపలి పొర పలచబడుతుంది, తడి రాదు, రక్తప్రసారం తగ్గుతుంది. దానికి నిద్ర లేని రాత్రులు, పక్క గదిలో అమ్మో అత్తగారో ఉన్నారన్న బెరుకు, బిడ్డ ఎప్పుడు లేస్తుందో అన్న టెన్షన్ తోడైతే శరీరం ఎలా స్పందిస్తుంది? ఇంకో విషయం చాలామందికి తెలియదు. యోని లోపలి భాగంలో స్పర్శ మామూలుగానే తక్కువ. ద్వారానికి దగ్గరగా ఉన్న మూడో వంతులోనే ఎక్కువగా తెలుస్తుంది. మెన్‌స్ట్రువల్ కప్పు లోపల పెట్టుకుంటే ఉన్నట్టే తెలియకపోవడం అందుకే. కాన్పుకు ముందు కూడా "లోపల పెద్దగా ఏమీ తెలియదు" అనుకున్నవాళ్లు అది జబ్బు అనుకోనక్కర్లేదు. బయట ముట్టుకుంటే తెలియకపోవడం వేరు.

ఇంట్లో మీరే చేసుకోగల చిన్న పరీక్ష చెప్తాను. స్నానం చేశాక, తలుపు వేసుకుని, వెనక్కి ఆనుకుని కూర్చోండి. పొడి దూదిని సన్నగా మెలిపెట్టండి. ముందు తొడ లోపలి వైపు తాకించి ఎలా తెలుస్తుందో గుర్తుపెట్టుకోండి. తర్వాత కుడి పెదవి, ఎడమ పెదవి, రెంటి మధ్య, మలద్వారం పక్కన రెండు వైపులా అలాగే తాకించండి. కళ్లు మూసుకుని చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఎక్కడ తగ్గిందో కాగితం మీద బొమ్మ గీసి తేదీ వేయండి. వారం తర్వాత మళ్లీ చేయండి. ఈ కాగితం మీ డాక్టరుకు అరగంట మాటల కన్నా ఎక్కువ చెప్తుంది. సూది, పిన్ను మాత్రం వాడొద్దు, ఆ పని డాక్టరు చేస్తారు. ఈ పరీక్షలో మలద్వారం చుట్టూ రెండు వైపులా తెలియడం లేదనిపిస్తే పైన రాసిన జాబితా మళ్లీ చదవండి.

మీకు వర్తించకపోయినా, ఇదే లక్షణంతో వచ్చేవాళ్లలో నేను చూసే మిగతా కారణాలు కొన్ని రాస్తాను.

షుగర్ ఎక్కువ కాలం అదుపులో లేనివాళ్లకు నరాలు దెబ్బతింటాయి. పాదాల్లో మంట, తిమ్మిరి ముందు వస్తాయి, ఇది తర్వాత. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి మళ్లీ పరీక్ష చేయాలి. బిడ్డ హడావుడిలో చాలామంది అది వదిలేస్తారు. మీకు అప్పట్లో షుగర్ ఉందని చెప్పి ఉంటే ఇప్పుడు చేయించుకోండి. బీ12 విటమిన్ తగ్గడం ఇంకో కారణం. మాంసం, గుడ్లు తినని ఇళ్లలోనూ, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలోనూ ఇది ఎక్కువ. చేతులు, పాదాల్లో కూడా తిమ్మిరి ఉంటే దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు, అంటే సెర్ట్రలైన్, ఎసిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి, కొందరిలో ఆ ప్రాంతపు స్పర్శనే తగ్గిస్తాయి. మందు ఆపాక కూడా కొందరిలో లైంగిక సమస్యలు కొనసాగవచ్చని 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ మందుల కాగితంలో హెచ్చరిక చేర్చమంది. అలాగని ఈ మాట చదివి ఎవరూ మందు సొంతంగా ఆపొద్దు. బాలింతల్లో డిప్రెషన్ మొద్దుబారడం కన్నా చాలా పెద్ద ప్రమాదం. రాసిచ్చిన డాక్టరుకు చెప్తే డోసు మారుస్తారు, లేదా మందు మారుస్తారు. మాట్లాడే మనిషి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ముట్టు ఆగాక వచ్చే పొడిబారడం గురించి ఒక్క మాట. మన రెండు రాష్ట్రాల్లో ఇది చిన్న వయసులోనే చూస్తాం, ఎందుకంటే గర్భసంచి తీయించుకోవడం ఇక్కడ ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై అయిదేళ్లకే "కింద ఎండిపోయినట్టుంది, ఏమీ తెలియదు" అని వచ్చేవాళ్లుంటారు. పాత డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారో తీశారో చూడండి. వీళ్లకు లోపల రాసుకునే తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది, డాక్టరు చూసి రాయాలి.

హెర్పీస్ పొక్కులు, అక్కి ఆ ప్రాంతంలో వచ్చినప్పుడు స్పర్శ తగ్గి, మూత్రం బిగియడం కూడా జరగొచ్చు. తెల్లటి మచ్చలు, విపరీతమైన దురద, పెదవులు అతుక్కుపోయినట్టు ఉండడం లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. రోజూ సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పూట ఎక్కువయ్యే నడుం నొప్పి ఉంటే వెన్నుపూస టీబీని మర్చిపోకూడదు, మన దగ్గర అది అరుదు కాదు. ఒక కంటిచూపు మసకబారి మళ్లీ తేరుకోవడం, నడక తూలడం, వీటితో పాటు ఇది వస్తే నరాల డాక్టరును కలవాలి. సన్నని సీటున్న సైకిలు మీద గంటల తరబడి తొక్కేవాళ్లకు వచ్చే తిమ్మిరి సీటు మారిస్తే పోతుంది.

నవ్వొచ్చే కారణం కూడా ఒకటుంది. పెళ్లై ఏడాదైనా కాని ఒకమ్మాయి కలిసిన ప్రతిసారీ గంటసేపు మొద్దుబారుతోందని భయపడుతూ వచ్చింది. మిగతా వేళల్లో అంతా మామూలే. పరీక్షలో ఏమీ లేదు. భర్తను లోపలికి పిలిచి అడిగితే, మెల్లగా బయటపెట్టాడు, త్వరగా అయిపోకుండా ఉండడానికని ఆన్‌లైన్‌లో స్ప్రే ఏదో కొని వాడుతున్నాడట. అలాంటి స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది లిడోకైన్, పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు జాతి మందు. దురదకు రాసే కొన్ని క్రీముల్లోనూ ఉంటుంది. ఇంట్లో ఉన్న ట్యూబుల మీది పేర్లు ఒకసారి చదవండి.

మనసు సంగతి చివర్లో చెప్తున్నానంటే చిన్నదని కాదు. ఇష్టం లేకుండా, భయంతో, బలవంతంగా జరిగిన కలయికలో శరీరం తనను తాను మూసేసుకుంటుంది. అప్పుడు స్పర్శ నిజంగానే తెలియదు, నాటకం కాదు. కానీ పరీక్ష చేయకుండానే "అంతా మీ మనసులోనే ఉంది" అనే డాక్టరు దొరికితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. నరాలు బాగున్నాయని తేలాకే ఆ మాట అనాలి. ఇంట్లో బలవంతం ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

ఈలోగా చేయకూడనివి. బాలింతకు కింద కాపడం పెట్టడం, కుంపటి మీద సాంబ్రాణి ధూపం వేయడం మన ఇళ్లలో మామూలు. స్పర్శ తెలియని చర్మానికి వేడీ తెలియదు. పెద్దవాళ్లు తమకు హాయిగా ఉన్నంత వేడి పెడతారు, మీకు బొబ్బలు లేచాక గానీ తెలియదు. కాపడం ఆ చోట వద్దు. కుట్ల కోసం గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో కూర్చోమంటే, వేడి మోచేత్తో చూసి కూర్చోండి. పటిక నీళ్లతో కడగడం, "టైట్" అవడానికి అంటూ అమ్మే జెల్లులు వాడడం వద్దు, అవి లోపలి పొరను ఇంకా ఎండబెడతాయి. సబ్బు, యాంటీసెప్టిక్ లోషన్ లోపల పోయొద్దు, మామూలు నీళ్లు చాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "నరాల బలం" ఇంజెక్షన్ ముందే వేయించుకోవద్దు. అందులో ఉండేది ఎక్కువగా బీ12. పరీక్షకు ముందు వేయించుకుంటే రిపోర్టులో అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, అసలు లోటు దాగిపోతుంది.

కెగెల్ వ్యాయామాల గురించి, అంటే మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి వదలడం గురించి, అందరూ చెప్తారు. నేను మాత్రం పరీక్ష చేయకుండా చెప్పను. కాన్పు తర్వాత కండరాలు వదులైనవాళ్లకు అవి మంచివే. కానీ కొందరిలో నొప్పి భయంతో ఆ కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్లు ఇంకా బిగిస్తే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది, మొద్దుబారడం, మంట రెండూ ఎక్కువవుతాయి. వాళ్లు ముందు వదులు చేయడం నేర్చుకోవాలి. ఈ కండరాలకు వ్యాయామం నేర్పే పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టులు పెద్ద నగరాల్లో ఉన్నారు. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మన ఆడపిల్లలకైతే వీళ్లు ఇంకా తేలిగ్గా దొరుకుతారు, కాన్పు తర్వాతి చెకప్‌లోనే అడగండి.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. కుట్లు మానిన తీరు చూస్తారు. దూదితో, మొద్దు పిన్నుతో రెండు వైపులా స్పర్శ పోల్చి చూస్తారు. మలద్వారం పక్కన తాకినప్పుడు కండరం ముడుచుకుంటుందా చూస్తారు, అవసరమైతే వేలితో కండరం పట్టు పరీక్షిస్తారు. ఇబ్బందిగానే ఉంటుంది, నిమిషం పని. కాళ్ల బలం, మోకాలి, మడమ రిఫ్లెక్సులు చూస్తారు. మూత్రం పోశాక స్కాన్ చేసి లోపల ఎంత మిగిలిందో కొలుస్తారు. 200 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ మిగిలితే నరాల సంగతి తొందరగా తేల్చాలి. రక్తంలో షుగర్, దాని మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, బీ12, థైరాయిడ్ చూస్తారు. ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. నడుం నొప్పి కాళ్లలోకి దిగుతుంటే, పరీక్షలో తేడా కనిపిస్తే రాస్తారు. పరీక్ష సమయంలో నర్సు పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. మహిళా డాక్టరే కావాలనడంలోనూ తప్పు లేదు. అయితే ఎమర్జెన్సీ లక్షణాలుంటే ఎవరున్నారో చూడకుండా చూపించుకోండి.

మీ నడుం నొప్పి గురించి. నాలుగు నెలల బాలింతకు నడుం నొప్పి రావడానికి చాలా మామూలు కారణాలుంటాయి. వంగి పాలివ్వడం, బిడ్డను ఒకే పక్క ఎత్తుకోవడం, కాన్పులో సాగిన కీళ్లు ఇంకా బిగుసుకోకపోవడం. కూర్చుని, వీపుకు దిండు ఆనించి, బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకుని పాలివ్వండి. మీరు బిడ్డ మీదకు వంగొద్దు. నొప్పి మోకాలు దాటి కిందికి దిగినా, దగ్గితే తుమ్మితే కాల్లోకి షాక్ కొట్టినట్టు ఉన్నా డాక్టరుకు విడిగా చెప్పండి.

డాక్టరుకు ఎలా చెప్పాలి అని అడిగారు. ఈ రెండు ముక్కలు ఫోన్‌లో రాసుకుని లోపలికి వెళ్లగానే చదివేయండి: "కాన్పు అయినప్పటి నుంచి యోని ఎడమ వైపు ముట్టుకుంటే తెలియడం లేదు. నెల నుంచి నడుం నొప్పి ఉంది, మూత్రం మోషన్ బాగానే ఉన్నాయి." నోటితో అనలేకపోతే ఫోన్ చూపించండి. తెల్లబట్ట అనో నీరసం అనో మొదలుపెట్టొద్దు, ఓపీలో జనం ఎక్కువ ఉన్నప్పుడు డాక్టరు మొదట విన్న మాట వెంటే వెళ్తారు. కాన్పు డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల చీటీలు, పైన చెప్పిన బొమ్మ వెంట తీసుకెళ్లండి. అత్తగారు తోడొస్తానంటే "కుట్లు చూపించుకోవాలి" అనండి, అది అబద్ధం కూడా కాదు. లోపలికి మాత్రం ఒక్కరే వెళ్లండి.

ఎమర్జెన్సీ వస్తే 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోముకు కాకుండా ఎమ్మారై, న్యూరోసర్జన్ ఇద్దరూ ఉన్న చోటికి తీసుకెళ్లమని చెప్పండి. క్యాజువాలిటీలో "నడుం నొప్పి" అని మాత్రమే చెప్తే ఇంజెక్షన్ చేసి పంపేయొచ్చు. "మూత్రం రావట్లేదు, కింద స్పర్శ లేదు" అనండి. ఖర్చు భయముంటే ఆస్పత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

భర్తతో కలవొచ్చా అన్నది మీరు నేరుగా అడగలేదు కానీ ఆ సందేహం ఉండే ఉంటుంది. కుట్లు మానాయి, రక్తం రావడం లేదు, మీకు ఇష్టముంది అంటే కలవొచ్చు, దానివల్ల నరానికి హాని లేదు. స్పర్శ తక్కువగా ఉన్నప్పుడు రాపిడి తెలియదు కాబట్టి నీటితో చేసిన లూబ్రికెంట్ వాడండి, మందుల షాపులో దొరుకుతుంది. కండోమ్ వాడుతుంటే కొబ్బరినూనె వద్దు, రబ్బరు చిరుగుతుంది. ముట్టు ఇంకా రాలేదు కదా అని గర్భం రాదనుకోవద్దు, పాలిస్తున్నా రావొచ్చు. మొద్దుబారింది ఎడమ వైపు అని మీ ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేకపోతే తన మీద ఇష్టం పోయిందనుకుంటాడు. బయట, కుడి వైపు, మీకు తెలుస్తున్న చోట సమయం తీసుకోమనండి. కలిశాక రక్తం మరకలు కనిపించినా, కుట్ల దగ్గర గడ్డలా తగిలినా ఆ సంగతి కూడా ఈ వారం డాక్టరుకు చెప్పే మాటల్లో చేర్చుకోండి.